పదవితో పాటు పోయిన పరువు తిరిగి ఎలా వస్తుంది?

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే ఇది: కుంభకోణంలోనో అధికార దుర్వినియోగంలోనో చిక్కుకుని తలవంపులతో గద్దె దిగిన నాయకుడు, పది పదిహేనేళ్ళు తిరిగేసరికి సలహాలిచ్చే పెద్దమనిషిగా ఎలా మారిపోతాడు? దీని వెనుక ఉన్నది డబ్బూ ప్రచార సంస్థలా, లేక జనం మరుపా? ఆ ప్రయత్నం చేసి పూర్తిగా విఫలమైనవారు ఎవరైనా ఉన్నారా అని కూడా చివర్లో అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మచ్చ చెరిగిపోదు, వరుసలో వెనక్కి జరుగుతుంది. మొదటి వాక్యంలో ఉండవలసిన నేరం నాలుగో పేరాకు చేరుతుంది, అంతే. ఆ జరపడం కూడా నాయకుడి ఒక్కడి చేతిలో ఉండదు. ఒక పుస్తకం, ఒక ఇంటర్వ్యూ, ఒక సేవాసంస్థ, తన పేరిట ఒక గ్రంథాలయం సమకూర్చుకుని సరుకు సిద్ధంగా పెట్టుకోవడం వరకే అతడు చేయగలడు. దాన్ని ఎత్తుకుని అంగట్లో పెట్టేది అతని తరువాత అధికారంలోకి వచ్చినవారు, అదీ తమ సొంత అవసరం కోసం. ఆ అవసరం పుట్టనంత కాలం ఎంత డబ్బు పోసినా సరుకు గోదాములోనే పడి ఉంటుంది.

ఈ మాట ఏ ఆధారంతో అంటున్నానో చెప్పాలి. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. ప్రముఖులు జీవించి ఉండగానే వారి సంస్మరణ వ్యాసాలు రాసి భద్రపరచడం, రెండు మూడేళ్ళకొకసారి వాటిని తీసి సవరించడం నా బాధ్యతల్లో ఒకటి. ఉద్యోగ విరమణ తరువాత రాజకీయ నాయకుల జ్ఞాపకాల రాతప్రతులను సంస్కరించే పని చేస్తున్నాను. ఒకే మనిషి గురించి ఒకే పత్రిక రాసిపెట్టుకున్న మొదటి వాక్యం ఏళ్ళ తరబడి ఎలా మారుతూ వచ్చిందో చూసే అవకాశం అలా దొరికింది.

ఒక ఉదాహరణ. అవినీతి కేసులో పదవి పోగొట్టుకున్న ఒక మాజీ మంత్రి దస్త్రం నా చేతికి వచ్చినప్పుడు, అందులోని వ్యాసం "అవినీతి కేసులో దోషిగా తేలి పదవి కోల్పోయిన" అన్న మాటలతో మొదలయ్యేది. కొన్నేళ్ళ తరువాత ఒక సహోద్యోగి దాన్ని "అవినీతి ఆరోపణలతో పదవి నుంచి తప్పుకున్న" అని సవరించాడు. న్యాయస్థానం నిర్ధారించిన నేరం ఆ ఒక్క సవరణతో మళ్ళీ ఆరోపణ అయిపోయింది. ఆయన కావాలని చేశాడని నేను అనుకోను, అప్పటికి అందరూ అలాగే రాస్తున్నారు. మరికొన్నేళ్ళకు అది "వివాదాస్పద నేతగా పేరొందిన" అయింది. చివరికి ఆ మంత్రి మరణించిన రాత్రి అచ్చుకు వెళ్ళిన ప్రతిలో "విలక్షణ నాయకుడు" అని ఉంది, శిక్ష సంగతి లోపలి పేజీలో కొనసాగింపు భాగానికి పోయింది. చచ్చినవాడి కళ్ళు చారెడు అని సామెత ఉండనే ఉంది కానీ, ఈ కళ్ళు చారెడు కావడం మరణానికి చాలా ముందే మొదలైంది. ఈ మార్పు కోసం ఎవరూ మాకు ఫోన్ చేయలేదు, ఎవరూ డబ్బు ఇవ్వలేదు.

అసలు విషయంలోకి వెళ్ళేముందు ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. విఫలమైన నాయకుడు వేరు, కళంకితుడైన నాయకుడు వేరు. మామూలు మాటల్లో ఈ రెండూ కలిసిపోతుంటాయి. అమెరికా అధ్యక్షుడు హారీ ట్రూమన్‌కు 1952లో గాలప్ సర్వేలో దక్కిన ఆమోదం 22 శాతమే. మరో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1980 ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయాడు. ఈ ఇద్దరి ప్రతిష్ఠ తరువాత పెరిగింది. కార్టర్ 1982లో స్థాపించిన కేంద్రం ద్వారా చేసిన పనికి 2002లో నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చింది. అయితే వీరు నేరం చేశారని ఎవరూ అనలేదు. ఒక నిర్ణయం మంచిదో చెడ్డదో తేల్చడానికి కాలం పడుతుంది కాబట్టి, వైఫల్యం మీద తీర్పు మారడంలో వింత లేదు. చట్టాన్ని ఉల్లంఘించినవాడి విషయంలో కాలం తేల్చవలసింది ఏమీ మిగిలి ఉండదు. అయినా తీర్పు మారుతోందంటే, అక్కడ మరేదో పనిచేస్తోందని అర్థం.

ఈ రెండింటికీ మధ్యలో నిలిచేవాడు జార్జ్ డబ్ల్యూ. బుష్. 2009 జనవరిలో పదవి దిగేనాటికి గాలప్ లెక్కలో ఆయన ఆమోదం 34 శాతం. 2018 జనవరిలో సీఎన్ఎన్ సర్వేలో ఆయన పట్ల సానుకూలంగా ఉన్నవారు 61 శాతం. ఆ మధ్యకాలంలో ఆయన రాజకీయ వ్యాఖ్యలు బాగా తగ్గించుకున్నాడు, గాయపడిన సైనికుల చిత్రాలు గీశాడు. దీన్ని చూసి మౌనం, కుంచె పనిచేశాయని చాలామంది రాశారు. నా అంచనా వేరు. తరువాత వచ్చినవారితో పోలిక ఆయనకు ఎక్కువ మేలు చేసింది. ఇంకొక సంగతి కూడా ఉంది. ఇరాక్ యుద్ధంలో అత్యధికంగా ప్రాణాలు పోగొట్టుకున్నది ఇరాకీలు, ఆ సర్వేలో ప్రశ్న వారిని ఎవరూ అడగలేదు. ఒక నాయకుడి ప్రతిష్ఠ పెరిగిందని ఎవరైనా చెప్పినప్పుడు నేను మొదట అడిగేది, ఎవరిని అడిగి తేల్చారని.

ఇక నిక్సన్. ఈ విషయం చదివేవారికి ఆయన పాఠ్యపుస్తకం వంటివాడు కాబట్టి కొంత నిదానంగా చూడాలి. ప్రత్యర్థి పార్టీ కార్యాలయంలో దొంగచాటు చొరబాటు, దాన్ని కప్పిపుచ్చే ప్రయత్నం బయటపడిన వాటర్‌గేట్ కుంభకోణంతో, 1974 ఆగస్టు 9న అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ రాజీనామా చేశాడు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 8న, ఆ పదవిలోకి వచ్చిన జెరాల్డ్ ఫోర్డ్ ఆయనకు సంపూర్ణ క్షమాభిక్ష ఇచ్చాడు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, విచారణ జరగలేదు కాబట్టి తీర్పు కూడా లేదు. తీర్పు లేని చోట కథ చెప్పుకోవడానికి స్థలం మిగులుతుంది. క్షమాభిక్షను స్వీకరించడమంటే నేరాన్ని ఒప్పుకోవడమేనన్న భావం 1915 నాటి ఒక సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. ఫోర్డ్ ఆ వాక్యాలున్న కాగితాన్ని తన పర్సులో పెట్టుకుని తిరిగేవాడు. అయితే ఆ వాదన ఫోర్డ్ జేబులో ఉందే తప్ప జనం నోటిలో లేదు.

తరువాత నిక్సన్ చేసినవి వరుసగా చూడండి. 1977లో బ్రిటిష్ వ్యాఖ్యాత డేవిడ్ ఫ్రాస్ట్‌కు టెలివిజన్ ఇంటర్వ్యూలు ఇచ్చాడు. అందుకు 6,00,000 డాలర్లు, లాభాల్లో 20 శాతం వాటా తీసుకున్నాడు. "అధ్యక్షుడు చేస్తే అది చట్టవిరుద్ధం కాదు" అని ఆయన అన్నది అందులోనే. ఆ మాట ఆయనకు చెడ్డపేరే తెచ్చింది. అయితే దేశాన్ని నిరాశపరిచానని ఒప్పుకున్నదీ అందులోనే. ఒప్పుకోలు చూడాలన్న జనం ఆకలి కొంత తీరింది. 1978లో జ్ఞాపకాల గ్రంథం వచ్చింది. ఆ తరువాత ఆయన వాటర్‌గేట్ గురించి మాట్లాడటం దాదాపు మానేసి, రష్యా, చైనాల గురించి పుస్తకం తరువాత పుస్తకం రాశాడు. ఇది చాలా తెలివైన ఎంపిక. తన మచ్చ ఉన్న రంగంలో వాదించడం మానేసి, శత్రువులు కూడా తన పట్టును ఒప్పుకునే రంగంలోకి మాట మార్చాడు. 1981లో ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ అంత్యక్రియలకు అమెరికా తరఫున వెళ్ళిన ముగ్గురు మాజీ అధ్యక్షుల్లో నిక్సన్ ఒకడు. ఫోర్డ్, కార్టర్‌ల పక్కన నిలబడిన ఆ ఫోటో పది వ్యాసాల పెట్టు. 1986లో న్యూస్‌వీక్ పత్రిక ఆయన తిరిగివచ్చాడంటూ ముఖచిత్రం వేసింది. 1993లో క్లింటన్ ఆయన్ని శ్వేతసౌధానికి పిలిచి రష్యా గురించి సలహా అడిగాడు. 1994 ఏప్రిల్ 27న ఆయన అంత్యక్రియలకు క్లింటన్‌తో పాటు నలుగురు మాజీ అధ్యక్షులు వచ్చారు. నిక్సన్‌ను మొత్తం జీవితాన్ని బట్టి కాక మరో విధంగా తూచే రోజు ముగియాలని క్లింటన్ అక్కడే అన్నాడు.

ఇంతవరకే చదివితే పునరుద్ధరణ పూర్తయినట్లు కనిపిస్తుంది, కానీ కాలేదు. కాకపోవడానికి కారణం కాగితాలు. 1974లోనే అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి నిక్సన్ పత్రాలనూ, శ్వేతసౌధంలో ఆయన సంభాషణలు రికార్డయిన టేపులనూ ప్రభుత్వ స్వాధీనంలో ఉంచింది. 1990లో యోర్బా లిండాలో ప్రైవేటు నిధులతో ఆయన గ్రంథాలయం తెరిచినప్పుడు, అందులో వాటర్‌గేట్ కథ ఆయన మనుషులు రాసుకున్నట్లే ఉండేది, అసలు పత్రాలు మాత్రం అక్కడ లేవు. 2007లో ఆ గ్రంథాలయం జాతీయ పత్రాగారం చేతికి వచ్చింది. పాత ప్రదర్శనను తీసివేసి, 2011లో ఆధారాలతో కూడిన కొత్త ప్రదర్శన పెట్టారు. దాదాపు 3,700 గంటల టేపుల్లో విడుదల చేయదగినవాటి చివరి విడత 2013లో బయటకు వచ్చింది. ఆయన పోయి అప్పటికి 19 ఏళ్ళు. విడతవిడతగా వచ్చిన ప్రతి టేపూ మచ్చను నాలుగో పేరా నుంచి మొదటి వాక్యానికి తిరిగి లాక్కొచ్చింది. అందుకే నేటికీ ఆయన పరిచయం "రాజీనామా చేసిన ఏకైక అమెరికా అధ్యక్షుడు" అనే మొదలవుతుంది, చైనా పర్యటన రెండో వాక్యం. నా లెక్కలో అది సగం గెలుపు. పత్రాలు ఎవరి అధీనంలో ఉన్నాయన్నది, ప్రచారానికి ఎంత ఖర్చు పెట్టారన్నదాని కంటే ముఖ్యం.

పత్రాల సంగతి వచ్చింది కాబట్టి మరొక ఉదాహరణ. అత్యవసర పరిస్థితి నాటి అతిక్రమణలపై విచారణ జరిపిన షా కమిషన్ నివేదికలు, ఇందిరా గాంధీ 1980లో 353 స్థానాలతో తిరిగివచ్చాక దొరకడం గగనమైపోయాయి. మాజీ పార్లమెంటు సభ్యుడు ఎరా సెళియన్ తన దగ్గరున్న ప్రతితో వాటిని 2010లో తిరిగి ప్రచురించాడు. ఆమె తిరిగి గెలవడానికి కారణాలు వేరు. 1977 ఆగస్టులో బెల్చీ గ్రామానికి ఏనుగు మీద వెళ్ళి దళిత బాధితులను పరామర్శించడం, అదే అక్టోబరులో ఆమెను అరెస్టు చేసి మరునాడే వదిలేయవలసి వచ్చిన ప్రభుత్వ అసమర్థత, అన్నిటికీ మించి జనతా పార్టీ అంతఃకలహాలు. పాలకులు ఒకరినొకరు పడగొట్టుకుంటుంటే ఓటరుకు పాత చేయి గట్టిదనిపించింది. ఇక్కడొక జాగ్రత్త అవసరం: గెలుపు అధికారాన్ని తిరిగిస్తుంది, ప్రతిష్ఠను తిరిగివ్వాలని లేదు. ఆమె గెలిచినంత మాత్రాన అత్యవసర పరిస్థితి మంచిదైపోలేదు. ఆ 21 నెలల మీద వాదన నేటికీ అదే వేడితో నడుస్తోంది.

తరువాతివారి అవసరం అని పైన అన్నాను, దాన్ని వివరించాలి. అవసరం రెండు రకాలుగా పుడుతుంది. మొదటిది, కొత్త పాలకుడికి పాత మనిషి పనికిరావడం. మహామాంద్యం నింద మోస్తూ 1932లో ఓడిపోయిన అమెరికా అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్‌ను పన్నెండేళ్ళకు పైగా శ్వేతసౌధం పట్టించుకోలేదు. యుద్ధం ముగిశాక ఐరోపాలో కరవు పరిస్థితిని అంచనా వేయడానికి అనుభవజ్ఞుడు కావలసివచ్చినప్పుడు ట్రూమన్ ఆయన్ని పిలిచాడు. 1947లో ప్రభుత్వ యంత్రాంగం పునర్వ్యవస్థీకరణ కమిషన్‌కు అధ్యక్షుణ్ణి చేశాడు. ఒక ఆనకట్టకు పెట్టి తరువాత తీసేసిన ఆయన పేరును కాంగ్రెస్ అదే ఏడాది తిరిగి పెట్టింది. పిలిచినవాడు ప్రత్యర్థి పార్టీవాడు కావడం వల్ల ఆ పిలుపుకు విలువ ఎక్కువ. సొంత పార్టీవాడి పొగడ్తను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

రెండోది, ఉన్నవాళ్ళ మీద కోపం. ఇండోనేషియాలో 32 ఏళ్ళు పాలించిన సుహార్తో 1998 మే 21న జనాగ్రహానికి తలవంచి దిగిపోయాడు. ఆయన మరణించిన కొన్నేళ్ళకు లారీల వెనుక నవ్వుతున్న ఆయన బొమ్మ, దాని కింద జావా భాషలో "ఎలా ఉన్నారు? నా కాలమే బాగుండేది కదా?" అన్న మాటలు కనిపించసాగాయి. ఆ బొమ్మ అంటించిన లారీ డ్రైవరు సుహార్తో హయాంలోని హత్యలను సమర్థిస్తున్నాడని అనుకోవడం పొరపాటు, అతడు ఈనాటి పాలకులను తిడుతున్నాడు. తిట్టడానికి చేతికి దొరికిన రాయి సుహార్తో. అయితే ఆ రాయిని గుడిలో పెట్టేవారు తరువాత వస్తారు. సుహార్తో మాజీ అల్లుడైన ప్రబోవో అధ్యక్షుడయ్యాక, 2025 నవంబరులో ఆయనకు జాతీయ వీరుడి బిరుదు ఇచ్చారు.

కొన్నిసార్లు పిలిచినవాడికే ఎదురుదెబ్బ తగులుతుంది. ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ తన ప్రభుత్వానికి కాస్త వెలుగు తెచ్చుకుందామని 1840లో నెపోలియన్ అవశేషాలను సెయింట్ హెలెనా నుంచి పారిస్‌కు ఘనంగా తెప్పించాడు. 1848లో ఆ రాజు సింహాసనం పోయింది. అదే ఏడాది డిసెంబరులో నెపోలియన్ అన్నకొడుకో తమ్ముడికొడుకో అన్న వివరంతో పనిలేకుండా, కేవలం ఆ ఇంటిపేరు చూసి జనం లూయీ నెపోలియన్‌ను అధ్యక్షుణ్ణి చేశారు.

వారసుల మాట వచ్చింది కాబట్టి, ఈ శతాబ్దంలో నేను చూసిన అతి పెద్ద పునరుద్ధరణ ఫిలిప్పీన్స్‌లో మార్కోస్ కుటుంబానిది. సైనిక పాలన విధించి నియంతగా ఏలిన అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ 1986 ఫిబ్రవరిలో పారిపోయి, 1989లో హవాయిలో మరణించాడు. చాలామంది ఇక్కడి నుంచి నేరుగా 2022లోకి, సామాజిక మాధ్యమాల వీడియోల్లోకి దూకేస్తారు. ఆ వీడియోలు నిజమే, వాటి ప్రభావమూ నిజమే. కానీ వాటికి ముందు ముప్పై ఏళ్ళ ఓపిక ఉంది. భార్య ఇమెల్డా 1991లో తిరిగివచ్చింది, 1995లో ప్రతినిధుల సభకు ఎన్నికైంది. పిల్లలు సొంత రాష్ట్రమైన ఇలోకోస్ నోర్టేలో ఒక్కొక్క పదవీ దక్కించుకుంటూ పోయారు. సొంత ఊళ్ళో ఎన్నడూ పోని పరువును ముందు గట్టిపరచుకుని, అక్కడి నుంచి రాజధాని వైపు నడిచారు. 2016లో అప్పటి అధ్యక్షుడు డ్యుటెర్టె అనుమతితో, సుప్రీంకోర్టు 9-5 మెజారిటీతో అడ్డుచెప్పకపోవడంతో, మార్కోస్‌ను నవంబరు 18న వీరుల శ్మశానంలో ముందస్తు ప్రకటన లేకుండా ఖననం చేశారు. 2022లో కొడుకు బాంగ్‌బాంగ్ దాదాపు 3 కోట్ల 16 లక్షల ఓట్లతో అధ్యక్షుడయ్యాడు.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి. సరిగ్గా ఈ కాలంలోనే, 2013 నాటి చట్టం ప్రకారం, మార్కోస్ సైనిక పాలన బాధితులుగా 11,103 మందిని ఆ దేశ ప్రభుత్వం అధికారికంగా గుర్తించి పరిహారం చెల్లించింది. ఆ డబ్బు స్విస్ బ్యాంకుల నుంచి రాబట్టిన మార్కోస్ సొమ్ములోంచే వచ్చింది. అంటే రాజ్యం ఒక చేత్తో నేరాన్ని నిర్ధారిస్తూ, మరో చేత్తో గౌరవ వందనం చేసింది. చట్టపరమైన సత్యం నిలబడితే ప్రతిష్ఠ దానంతట అదే దారికి వస్తుందని నేను ఒకప్పుడు నమ్మేవాణ్ణి. ఫిలిప్పీన్స్ చూశాక ఆ నమ్మకం సడలింది.

న్యాయస్థానాల ద్వారా పరువు తిరిగి రావడం వేరే దారి. దీన్ని క్షమాభిక్షతో కలపకండి. బ్రెజిల్‌లో అప్పటికి మాజీ అధ్యక్షుడైన లూలా అవినీతి కేసులో 2018 ఏప్రిల్ నుంచి 2019 నవంబరు వరకు 580 రోజులు జైల్లో ఉన్నాడు. కేసు విచారించిన కోర్టుకు ఆ పరిధి లేదని 2021 మార్చిలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి శిక్షలను రద్దు చేశాడు, విచారణ జరిపిన న్యాయమూర్తి మోరో పక్షపాతంతో వ్యవహరించాడని కూడా అదే కోర్టు తేల్చింది. ఆ మోరో మధ్యలో లూలా ప్రత్యర్థి బోల్సొనారో ప్రభుత్వంలో మంత్రి అయి ఉన్నాడు. 2022 అక్టోబరులో లూలా 50.9 శాతం ఓట్లతో గెలిచాడు. మద్దతుదారులకు ఇది నిర్దోషిత్వం. ప్రత్యర్థులకు మాత్రం, శిక్ష విధాన దోషం వల్ల పోయిందే తప్ప నేరం చేయలేదని ఎవరూ చెప్పలేదన్న వాదన మిగిలింది. అంత సన్నని మెజారిటీలో ఆ రెండు నమ్మకాలూ కనిపిస్తాయి. ఏదైనా కేసు గురించి రాసేటప్పుడు "కొట్టివేశారు", "నిర్దోషిగా ప్రకటించారు", "క్షమించారు" అన్న మూడు మాటలను దయచేసి ఒకదాని బదులు మరొకటి వాడకండి. పత్రికల్లో మేము చేసిన పాపాల్లో ఇది పెద్దది.

మౌనంతో తిరిగివచ్చినవారూ ఉన్నారు, అరుదుగా. బ్రిటన్ యుద్ధ మంత్రి జాన్ ప్రొఫ్యూమో తన వివాహేతర సంబంధం విషయంలో పార్లమెంటుకు అబద్ధం చెప్పి 1963 జూన్‌లో రాజీనామా చేశాడు. తరువాత తూర్పు లండన్‌లోని టాయిన్‌బీ హాల్ అనే సేవాసంస్థలో గిన్నెలు కడగడం వంటి పనులతో మొదలుపెట్టి, జీతం లేకుండా దశాబ్దాల పాటు పనిచేశాడు. పుస్తకం రాయలేదు, ఆ వ్యవహారం గురించి బహిరంగంగా నోరు విప్పలేదు. 1975లో రాజ్య సత్కారం, 1995లో మాజీ ప్రధాని థాచర్ 70వ పుట్టినరోజు విందులో రాణి పక్కన ఆసనం. ఇది అందరికీ నచ్చే కథ కాబట్టే నేను దీన్ని చివరి వరకు ఆపాను. అతడు మళ్ళీ ఏ పదవీ కోరుకోలేదు. కోరి ఉంటే ఆ గిన్నెలు కడగడం కూడా ప్రచారమే అయ్యేది. ఇక జర్మనీలో మాజీ చాన్సలర్ (ప్రభుత్వాధినేత) హెల్ముట్ కోల్ మౌనం వేరే రకం. పార్టీకి రహస్యంగా విరాళాలిచ్చినవారి పేర్లు చెప్పనని 1999 నుంచి మరణం దాకా భీష్మించుకున్నాడు. 2000లో పార్టీ గౌరవాధ్యక్ష పదవి పోయింది. అయినా 2017లో ఐరోపా పార్లమెంటు ఆయనకు ముందెన్నడూ ఎవరికీ జరపని స్థాయిలో వీడ్కోలు పలికింది. రెండు జర్మనీలను కలిపినవాడు కావడం వల్ల ఆ మచ్చను వెనక్కి నెట్టేంత బరువు ముందు వాక్యంలో ఉంది. అంత బరువు లేనివారు కోల్‌ను చూసి మొండికేస్తే లాభం లేదు.

ఇప్పుడు నా సొంత పనిలోంచి ఒక అనుభవం. కొన్నేళ్ళ క్రితం ఒక మాజీ నాయకుడి జ్ఞాపకాల రాతప్రతి నా దగ్గరకు వచ్చింది. నాలుగు వందల పేజీలకు పైగా ఉన్న ఆ ప్రతిలో, ఆయన పదవి పోవడానికి కారణమైన భూకేటాయింపుల వ్యవహారం ఒకటిన్నర పేజీ. ఆ ఒకటిన్నర పేజీలో ఆయన భాష ఉన్నట్టుండి మారిపోయింది. మిగతా పుస్తకమంతా "నేను చేశాను, నేను తెచ్చాను" అన్న మనిషి, అక్కడికి వచ్చేసరికి "నిర్ణయం తీసుకోబడింది", "కొన్ని పొరపాట్లు జరిగాయి" అని రాశాడు. తెలుగులో కర్మణి వాక్యం సహజం కాదు. అది హఠాత్తుగా కనిపిస్తే కర్త ఎక్కడో దాక్కున్నాడనే అర్థం. ఆ ఒకటిన్నర పేజీని అధ్యాయంగా పెంచి, కర్తను వాక్యంలోకి తెచ్చి, పుస్తకం మొదట్లో పెట్టమని సలహా ఇచ్చాను. ఆయన రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు, కుటుంబం ఒప్పుకోలేదు. పుస్తకం పాత రూపంలోనే వచ్చింది. సమీక్షించిన ప్రతి ఒక్కరూ ఆ ఒకటిన్నర పేజీ గురించే రాశారు, మిగతా నాలుగు వందలు వృథా అయ్యాయి. తప్పు నాది కూడా. కుటుంబంతో ముందే మాట్లాడి ఉండవలసింది, ఎందుకంటే ఇటువంటి పుస్తకాల్లో అసలు యజమానులు వారసులే. ఆయనకు కావలసింది మనశ్శాంతి అయితే, వారికి కావలసింది తరువాతి ఎన్నిక.

చివరి ప్రశ్నకు వస్తాను: పూర్తిగా విఫలమైనవారు ఉన్నారా? ఉన్నారు, పక్కపక్కనే పెట్టి చూడగల జంట ఒకటి ఉంది. దక్షిణ కొరియాలో చున్ డూ హ్వాన్, రో టే వూ ఇద్దరూ ఒకే సైనిక పాఠశాల సహాధ్యాయులు, 1979 డిసెంబరు కుట్రలో భాగస్వాములు, ఒకరి తరువాత ఒకరు అధ్యక్షులు. 1980 మేలో గ్వాంగ్జూలో ఉద్యమకారులపై సైన్యం జరిపిన మారణకాండ నీడ ఇద్దరి మీదా ఉంది. 1996లో ఇద్దరికీ శిక్షలు పడ్డాయి, 1997 డిసెంబరులో ఇద్దరికీ క్షమాభిక్ష దొరికింది. అక్కడి దాకా ఒకే దారి.

అక్రమార్జన కింద రో నుంచి జప్తు చేయవలసిన సొమ్ము 26,280 కోట్ల వాన్లు. 2013 నాటికి అది పూర్తిగా చెల్లింది. 2019 నుంచి ఆయన కొడుకు గ్వాంగ్జూ శ్మశానవాటికకు పదే పదే వెళ్ళి తండ్రి తరఫున క్షమాపణ చెప్పాడు. చున్ చెల్లించవలసినది 22,050 కోట్ల వాన్లు. తన ఖాతాలో 2,90,000 వాన్లే ఉన్నాయని 2003లో చెప్పి, ఆ మాటతోనే దేశమంతటికీ నవ్వులాట అయ్యాడు. 2017లో వచ్చిన తన జ్ఞాపకాల్లో, హెలికాప్టర్ల నుంచి కాల్పులు చూశానని సాక్ష్యం చెప్పిన ఒక దివంగత మతగురువును సైతానుగా వర్ణించాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం కాదు, భుజాల మీద గుమ్మడికాయ పెట్టుకుని వీధిలోకి రావడం అది. పరువు కోసం రాసిన పుస్తకమే ఆయన్ని మళ్ళీ కోర్టు మెట్లెక్కించింది. 2020 నవంబరులో పరువునష్టం కేసులో ఎనిమిది నెలల శిక్ష పడింది, దాని అమలు నిలిపివేశారు.

ఇద్దరూ 2021లో నెల రోజుల లోపు తేడాతో మరణించారు. రోకు, విమర్శల మధ్యనే అయినా, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆయన్ని సరిహద్దుకు దగ్గరగా ఉన్న పాజులో సమాధి చేశారు. చున్‌కు ఆ లాంఛనాలు నిరాకరించారు. చితాభస్మాన్ని కుటుంబం ఇంట్లోనే ఉంచుకుంది. 2023లో దాన్ని అదే పాజులో పూడ్చడానికి ఒక స్థలం చూసుకున్నారు. స్థానికులు అడ్డుచెప్పారు, స్థలం అమ్మదలచినవారు వెనక్కి తగ్గారు.